రాత్రి ఫోన్, చూడకూడని వీడియోలు: తీర్మానం రెండు వారాలు కూడా నిలవట్లేదు

బెళ్లందూరు పీజీ

అందరికీ వందనాలు. పేరు రాయకుండా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.

పడుకునే ముందు ఫోన్ చేతిలోకి వస్తుంది. రీల్స్‌తో మొదలై, ఒంటిగంట అయ్యేసరికి చూడకూడనివి చూడడం దగ్గర తేలుతుంది. పాపమని తెలుసు, ఒప్పుకుంటాను. ప్రార్థన కూటాల్లో తీర్మానం చేసుకుంటే పది పన్నెండు రోజులు నిలుస్తుంది, తర్వాత మళ్లీ మొదటికే. పొద్దున్న వాక్యధ్యానం ఎటూ పోయింది, లేచేదే ఎనిమిదిన్నరకి.

పీజీలో గదికి ఇద్దరం. నెలలో ఒక వారం ఆన్‌కాల్ (ఆఫీసు నుంచి ఏ వేళ పిలుపొచ్చినా ఎత్తాలి) ఉంటుంది కాబట్టి ఫోన్ పూర్తిగా ఆపెయ్యలేను. "ఇంకా ప్రార్థించు బ్రదర్" అన్న జవాబు మాత్రం దయచేసి వద్దు, ప్రార్థన మానలేదు. నాకు కావాల్సినవి మూడు: అసలు చేతులతో చెయ్యాల్సిన పని ఏమిటి? 21 రోజుల ఉపవాసం చేస్తే అలవాటు పోతుందంటున్నారు, నిజమేనా? మొదటి ఆదివారం బల్లలో (ప్రభురాత్రి భోజనంలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడంలో) చెయ్యి వెయ్యొచ్చా, మానుకోవాలా?

హోసూరు రోడ్డు

వందనాలు బ్రదర్. ముందు మీరు యుద్ధం పెట్టుకున్న వేళే తప్పు. రాత్రి పన్నెండున్నరకి కళ్లలో నిద్ర, గదిలో చీకటి, చేతిలో ఫోన్. అప్పుడు గెలవాలని చూస్తున్నారు. ఆ వేళకి పని ఎప్పుడో అయిపోయింది.

బైబిల్లో సామెతల గ్రంథం 7వ అధ్యాయం మళ్లీ తీసి 8, 9 వచనాల దగ్గర ఆగండి. అందులోని కుర్రవాడు పాపం చెయ్యాలని బయల్దేరాడని అక్కడ లేదు. సందెవేళ ఒక పరస్త్రీ ఇంటి సందు వైపు నడుస్తున్నాడు, అంతే. ఆమె పట్టుకునేది 13వ వచనంలో. మీ రీల్స్ ఆ సందు. పౌలు రోమా 13:14లో శరీరేచ్ఛల కోసం ముందుగా ఆలోచన చేసిపెట్టుకోవద్దు అన్నది కూడా ఇదే. మంచం పక్కన చార్జర్ పెట్టుకోవడం అంటే ఆ ఆలోచన చేసిపెట్టుకోవడమే.

అందుకని నిర్ణయం తొమ్మిదిన్నరకి జరగాలి, పన్నెండున్నరకి కాదు. ఇప్పుడు పని చెబుతాను.

ఫోన్ రాత్రి మీ చేతికందే దూరంలో ఉండకూడదు. పీజీలో వేరే గది లేదు కదా, అల్మారా పైన పెట్టండి, పొడుగు కేబుల్ కొనుక్కోండి. లేచి నిలబడి చెయ్యెత్తితే తప్ప అందకూడదు. ఆన్‌కాల్ వారంలో డు నాట్ డిస్టర్బ్ వేసి, ఆఫీసు నంబరుకీ ఎలర్ట్ యాప్‌కీ మాత్రం మినహాయింపు ఇచ్చి, రింగ్ పూర్తి శబ్దంలో ఉంచండి. మోగితే వినపడుతుంది, మోగకపోతే దానితో పనిలేదు. "అలారం కోసం ఫోన్ కావాలి" అన్న సాకు పోవడానికి ఒక టేబుల్ గడియారం కొనండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మంచం మీదికి ఫోన్‌ను తెచ్చేది పదిలో తొమ్మిదిసార్లు ఆ అలారమే.

ల్యాప్‌టాప్ సంగతి అందరూ మరిచిపోతారు. ఫోన్ కట్టేసినవాడు వారంలో ల్యాప్‌టాప్ తెరుస్తాడు. పని అవగానే బ్యాగులో పెట్టి జిప్ వేసి, మీ రూమ్మేట్ మంచం వైపు పెట్టండి. స్నానాలగదిలోకి ఫోన్ వద్దే వద్దు.

ఇక ఫిల్టర్. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైట్ల చిరునామాలను ఫోన్ ఎక్కడ వెతకాలో చెప్పే గడి) అని ఉంటుంది. అక్కడ క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల ఫ్యామిలీ హోస్ట్ పేరు ఇవ్వాలి: ఫ్యామిలీ, చుక్క, క్లౌడ్‌ఫ్లేర్, అడ్డగీత, డీఎన్‌ఎస్, చుక్క, కామ్. ఇంగ్లిష్‌లో టైపు చెయ్యండి. చాలామంది అక్కడ 1.1.1.3 అని అంకెలు కొట్టి పనిచెయ్యట్లేదంటారు. ఆ అంకెలు వైఫై రౌటర్‌కి, ప్రైవేట్ డీఎన్‌ఎస్ గడిలో పేరే పడుతుంది. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్‌లోకి వెళ్లి వెబ్ కంటెంట్‌లో పెద్దల సైట్లను పరిమితం చెయ్యండి. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ మాత్రం మీరు పెట్టకూడదు, వేరేవాళ్లు పెట్టాలి, మీకు చెప్పకూడదు. తాళమూ చెవీ ఒకే జేబులో ఉంటే ఆ తాళం ఎందుకు?

ఇది ఎక్కడ తేలిపోతుందో కూడా వినండి. డీఎన్‌ఎస్ ఫిల్టర్ సైట్లను ఆపుతుంది గానీ ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్ లోపల ఏముందో దానికి తెలియదు. వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే దారిలో తిప్పే యాప్) వేస్తే దాన్ని పక్కకి నెట్టెయ్యొచ్చు. కాబట్టి రీల్స్ ఉన్న యాప్‌ను ఫోన్‌లోంచి తీసెయ్యడమే మార్గం. అవసరమైతే పగలు ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో చూసుకోండి. ఫిల్టర్ మీకిచ్చేది రెండు నిమిషాల ఆలస్యం మాత్రమే. 1 కొరింథీ 10:13లో చెప్పిన తప్పించుకునే మార్గం కంటికి కనపడాలంటే ఆ రెండు నిమిషాలే కావాలి.

అయినా కోరిక వస్తుంది. వచ్చినప్పుడు పడుకుని ప్రార్థన చెయ్యకండి! లేవండి, లైటు వెయ్యండి, గది దాటి మెట్ల మీదికో టెర్రస్ మీదికో వెళ్లండి. అక్కడ ప్రార్థించండి, పైకి వినపడేలా. యజమాని భార్య పట్టుకున్నప్పుడు యోసేపు ఆ ఇంట్లో నిలబడి ఉపవాస ప్రార్థన పెట్టలేదు, వస్త్రం వదిలేసి బయటికి పరుగెత్తాడు (ఆదికాండం 39:12). కోరిక అల లాంటిది. పెరుగుతూనే ఉంటుందనిపిస్తుంది గానీ, మేత వెయ్యకపోతే మామూలుగా అరగంట లోపే దిగిపోతుంది. ఆ అరగంట ఎక్కడ గడపాలో ముందే అనుకుని ఉంచుకోండి.

వైట్‌ఫీల్డ్ అక్క

పై అన్న చెప్పినవన్నీ చెయ్యి తమ్ముడూ, కానీ వాటితో ఆగితే మూడో వారంలో మళ్లీ ఇక్కడే ప్రశ్న అడుగుతావు. (ఇది మగపిల్లల సమస్యే అనుకుని చదువుతున్న చెల్లెళ్లకి కూడా చెబుతున్నా. కాదు. ఆడవాళ్ల కూటాల్లో దీని గురించి మాట్లాడరు, తేడా అంతే.)

మత్తయి 12:43-45 చూడు. అపవిత్రాత్మ వెళ్లిపోయింది, ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది, కానీ అందులో ఎవరూ లేరు. తిరిగొచ్చేటప్పుడు ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. నీ పది పన్నెండు రోజులు సరిగ్గా ఆ ఊడ్చిన ఇల్లే. ఫోన్ తీసేశావు సరే, తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఏం చేస్తున్నావు? పైకప్పు చూస్తూ పడుకుంటే ఎవడైనా పడతాడు.

పౌలు పద్ధతి వేరు. ఎఫెసీ 4:28లో దొంగతో దొంగతనం మానమని చెప్పి ఊరుకోడు. చేతులతో కష్టపడి పనిచేసి, అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టమంటాడు. చెడ్డపని చేసిన చేతులకే మంచిపని అప్పగించాడు. నీ సంగతిలో కళ్లకీ, ఆ గంటన్నరకీ పని అప్పగించాలి.

దానికి ముందు నిజంగా నిన్ను లాగుతున్నదేమిటో తెలియాలి. చిన్న నోట్‌బుక్ కొను, కాగితం పుస్తకమే, ఫోన్‌లో నోట్స్ కాదు. పడిన రోజు మర్నాడు పొద్దున్న నాలుగు మాటలు రాయి: ఎన్ని గంటలకు, ఎక్కడ, దానికి రెండు గంటల ముందు ఏం జరిగింది, మనసు ఎలా ఉంది. చూసినవాటి వివరాలు వద్దు, అవి రాస్తే మళ్లీ అదే సందులో నడవడమే. పదిసార్లు రాసేసరికి వరస కనపడుతుంది. చాలామందికి మూలం కామం కూడా కాదు. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని, తినకుండా వచ్చి, మేనేజరు మాట అన్న రోజు. లేదా ఆదివారం సాయంత్రం, ఊరి నుంచి ఫోన్ వచ్చి పెట్టేశాక ఉండే ఒంటరితనం. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: ఈ నాలుగింటిలో ఒకటి దొరుకుతుంది. దావీదు సంగతి చూడు, 2 సమూయేలు 11 మొదటి వచనం. రాజులు యుద్ధానికి బయల్దేరే కాలంలో అతను యెరూషలేములోనే ఉండిపోయాడు. మేడ మీదనుంచి స్నానం చేస్తున్న బత్షెబ అతనికి కనపడింది తర్వాత.

వరస తెలిశాక మందు సులువు. అలసట రాత్రులకి వేడినీళ్ల స్నానం, పదింటికే నిద్ర. ఒంటరితనం అయితే ఆదివారం సాయంత్రం గదిలో ఉండకు, సంఘంలో ఎవరింటికైనా భోజనానికి వెళ్లు, సిగ్గుపడకుండా అడుగు. బెంగళూరులో తెలుగు కుటుంబాలు పప్పు అన్నం పెట్టడానికి ఎప్పుడూ వెనకాడవు! కోపమైతే ఆ కోపాన్నే దేవుడి ముందు పెట్టు, కీర్తనల్లో అలాంటివి చాలా ఉన్నాయి.

రాత్రి గంటన్నరకి నా లెక్క: పావుగంట రేపటి బట్టలు, బ్యాగు సర్దుకోవడం. ఇరవై నిమిషాలు కాగితం బైబిల్, ఒక సువార్త వరసగా, రోజుకి ఒక అధ్యాయం. పది నిమిషాలు ఒక వచనం చేత్తో రాయడం, వారానికి ఒక్క వచనమే. మిగతాది నడక, లేదా రూమ్మేట్‌తో నాలుగు మాటలు. కీర్తన 119:11లో వాక్యాన్ని హృదయంలో ఉంచుకోవడం అన్నది ఏడు రోజులు అదే వచనం రాస్తేనే జరుగుతుంది, రోజుకో వాట్సాప్ వాగ్దాన వచనం చూస్తే కాదు. మొదటి వారంలో గంట ప్రార్థన పెట్టుకోవద్దు. కూటంలో ఉద్రేకంతో పెట్టుకున్న గంట నాలుగో రోజుకి ఇరవై నిమిషాలు, ఎనిమిదో రోజుకి సున్నా అవుతుంది, ఆ సున్నా రోజునే పడిపోతాం.

పెరంబూరు

చెన్నై నుంచి. 21 రోజుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

సంఘాల్లో 21 రోజుల ఉపవాసానికి ఆధారం దానియేలు 10:2-3. మూడు వారాలు రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం మానేశాడు. కానీ అతను మానుకుంటున్న చెడు అలవాటేదీ అక్కడ లేదు, దుఃఖంతో దేవుణ్ని వెదుకుతున్నాడు. "21 రోజుల్లో అలవాటు మారుతుంది" అన్నది పూర్తిగా వేరే చోట పుట్టిన మాట. ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి వ్యాపించింది. ఆయన గమనించింది తన రోగులు మారిన ముఖానికి అలవాటు పడడానికి కనీసం అన్ని రోజులు పడుతోందని. అంకె ఒకటే కావడంతో మన ప్రసంగాల్లో రెండూ అతుక్కున్నాయి.

లెక్కగా చూసినవాళ్లు ఉన్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. కొత్త అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు (12 వారాలు దాటినవి అంచనా లెక్క), మధ్య విలువ 66 రోజులు. అది తిండి, నీళ్లు, వ్యాయామం లాంటి మంచి అలవాట్ల గురించి, పాపం గురించి కాదు. అయినా అందులో మనకి పనికొచ్చే మాట ఒకటుంది: ఒక్కరోజు తప్పిపోతే అప్పటిదాకా కుదిరింది చెడిపోదు. కాబట్టి పొద్దున్న వాక్యధ్యానం ఒకరోజు తప్పితే "అంతా పోయింది" అనుకోకండి, మర్నాడు అక్కడి నుంచే. 22వ రోజున ఏదో తెగిపోతుందని ఎదురుచూస్తే, తెగనప్పుడు దేవుడి మీద అనుమానం వస్తుంది.

ఉపవాసం మంచిదే. కానీ పగలంతా తినకుండా, పగలంతా ఫోన్ చూస్తూ, రాత్రి నీరసంగా ఒంటరిగా గదిలో ఉంటే అక్క చెప్పిన నాలుగులో మూడు మీరే తెచ్చిపెట్టుకున్నట్టు. సాయంత్రం సహవాసం ఉన్న రోజున, వారానికి ఒక్క పూట చెయ్యండి. షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా చెయ్యొద్దు.

"మళ్లీ చూస్తే జీతమంతా కానుక వేస్తాను" లాంటి మొక్కుబడులు అసలు వద్దు. ప్రసంగి 5:4-5 ఏమంటుందో తెలుసు కదా, మొక్కి తీర్చకపోవడం కంటే మొక్కకపోవడమే మేలు. మొక్కు విరిగిన రాత్రి ఒక పాపం రెండవుతుంది.

దానికి బదులు పాత పద్ధతి ఒకటి. మా ఊళ్లో లొయోలా కాలేజీ ఉంది కదా, ఆ పేరు గల ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలో నేర్పింది. ఆయన కాథలిక్, మనలో చాలామంది కాదు, పద్ధతి మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. ఒక్క దోషాన్నే ఎంచుకోవాలి. లేవగానే ఈరోజు దీన్ని కాచుకుంటానని నిశ్చయం, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత మరోసారి పరీక్ష. రోజుకో గీతల జత (ఒకటి మధ్యాహ్నం పరీక్షకి, ఒకటి రాత్రి పరీక్షకి) గీసి, తప్పినన్నిసార్లు చుక్కలు పెట్టి, ఈరోజును నిన్నటితో, ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చుకోవాలి. కీలకం ఆ మధ్యాహ్నం పరీక్షలో ఉంది. మనం రాత్రి మాత్రమే లెక్క చూసుకుంటాం, అప్పటికి దెబ్బ తగిలి ఉంటుంది. రెండు గంటలప్పుడు కూర్చుని చూసుకుంటే చిరాకు మొదలైందని తెలుస్తుంది, రాత్రికి ఇంకా ఆరు గంటలు చేతిలో ఉంటాయి.

చాలామంది తప్పేది ఎంపికలో. ఫోనూ, కోపమూ, సోమరితనమూ, అప్పూ అన్నీ ఒకే సోమవారం మొదలుపెడతారు.

కేఆర్ పురం, సంఘ సేవ

మూడో ప్రశ్నకి జవాబు, తమ్ముడూ.

1 కొరింథీ 11:28 సగమే చదివి చాలామంది బల్ల మానేస్తారు. తన్ను తాను పరీక్షించుకోవాలి అన్నాక, పౌలు "మానుకోవాలి" అనలేదు, అలా చేసి రొట్టె తినాలి, పాత్రలోది తాగాలి అన్నాడు. అయోగ్యంగా తీసుకోవడం అంటే ఆ సంఘంలో జరిగింది వేరు: కొందరు కడుపునిండా తిని మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు (21, 22 వచనాలు). పాపాన్ని ద్వేషించి, ఒప్పుకుని, పోరాడుతున్నవాడికి బల్ల అవసరం. పాపాన్ని దాచుకుని, మానే ఉద్దేశమే లేక, పైకి పెద్దమనిషిలా చెయ్యి చాచేవాడు ఆగాలి. మీరు మొదటి రకమని మీ ప్రశ్నే చెబుతోంది. మీ సంఘంలో క్రమశిక్షణ నియమం వేరుగా ఉంటే మీ పాస్టర్ గారితో ముందు మాట్లాడండి, నెల నెలా మెల్లగా తప్పించుకోవద్దు.

ఇంకొకటి. ఇక్కడ ఎవరూ ఎత్తని మాట: పడ్డాక ఏం చెయ్యాలి? చాలా నష్టం ఆ తర్వాతి గంటలోనే జరుగుతుంది. "ఎలాగూ పాడైంది, ఈ రాత్రికి ఇంతే, సోమవారం నుంచి చూద్దాం" అనుకుని మూడు రోజులు కొనసాగిస్తారు. ఒక మెట్టు జారినవాడు మిగతా మెట్లన్నీ కావాలని దొర్లినట్టు. పడిన వెంటనే ఫోన్ పైన పెట్టి, లేచి ముఖం కడుక్కుని, పేరు పెట్టి ఒప్పుకోండి. "ప్రభువా, తప్పు జరిగింది" అని కాదు, ఏం చూశారో ఆ పేరుతో. 1 యోహాను 1:9 మీదే నిలబడి, పది నిమిషాల్లో ముగించి పడుకోండి. తెల్లవార్లూ ఏడిస్తే పరిశుద్ధత పెరగదు, నిద్ర చెడి మర్నాటి రాత్రి మళ్లీ బలహీనంగా ఉంటారు. 2 కొరింథీ 7:10లో దుఃఖాలు రెండున్నాయి. ఒకటి దేవుడి వైపు లేపి నడిపిస్తుంది, రెండోది మరణం వైపు లాగుతుంది. ఏది ఎటు తీసుకెళ్తోందో చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

ఒక మనిషికి చెప్పాలి. యాకోబు 5:16లో "ఒకనితోనొకడు" అని ఉంది. సాక్ష్యం సమయంలో మైకులో చెప్పమని కాదు! ఒక్కడికి. మగవాళ్లు మగవాళ్లకి, ఆడవాళ్లు ఆడవాళ్లకి. మీ కంటే విశ్వాసంలో ముందున్నవాడు, నోరు కట్టుకోగలిగినవాడు, మీరు అబద్ధం చెబితే పసిగట్టేవాడు. అదే పోరాటంలో మునిగి ఉన్న స్నేహితుడు వద్దు, ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకుంటూ అక్కడే ఉండిపోతారు. 1738లో ఇంగ్లండ్ ప్రసంగీకుడు జాన్ వెస్లీ తన చిన్న గుంపులకి పెట్టిన నియమాల్లో వారానికొకసారి కలవడం, ప్రతిసారీ అవే ప్రశ్నలు అడగడం ఉన్నాయి: పోయినసారి తర్వాత తెలిసి చేసిన పాపమేమిటి, ఏ శోధనలు వచ్చాయి, వాటిలోంచి ఎలా బయటపడ్డావు. మూడోది మన దగ్గర ఎవరూ అడగరు. గెలిచిన రాత్రి ఎలా గెలిచావో చెప్పిస్తేనే ఆ దారి మళ్లీ గుర్తుంటుంది. "ఎలా ఉన్నావు బ్రదర్" అంటే "దేవుని కృప" అనే జవాబే వస్తుంది, అందుకే ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వండి.

పెళ్లయితే పోతుందన్న మాట నమ్మకండి. ఈ అలవాటు దాపరికంతో పెరుగుతుంది, పెళ్లిలోకి ఆ దాపరికమే వెంట వస్తుంది.

ప్రతి అలవాటుకీ దురాత్మ పేరు పెట్టి చెయ్యి వేసి వెళ్లగొట్టించుకోవడం కూడా చూస్తున్నాం. యాకోబు 1:14 ఎవడి స్వకీయ దురాశ వాణ్ని ఈడుస్తుందంటోంది. ప్రార్థన చేయించుకోండి, కానీ అల్మారా మీద ఫోన్ పెట్టే పని మీ తరఫున ఎవరూ చెయ్యరు.

ఇవన్నీ నెలల తరబడి చేసినా చేతిలో లేకుండా ఉంటే, ఉద్యోగం, నిద్ర దెబ్బతింటుంటే, లేదా బతకాలనిపించట్లేదన్న ఆలోచన వస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. బెంగళూరు మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ అలవాట్ల కోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి నడుస్తోంది. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఎప్పుడైనా చెయ్యొచ్చు, ఉచితం. మద్యం మానాలనుకుని ఈ చర్చ చదువుతున్నవాళ్లకి మాత్రం ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగే మనిషి తీర్మానం చేసుకున్నానని ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. అది డాక్టరు చూస్తుండగానే జరగాలి. ఫోన్‌కి ఆ భయం లేదు, ఈ రాత్రే ఆపొచ్చు.

బెళ్లందూరు పీజీ

అందరికీ చాలా థాంక్స్. బల్ల గురించి మనసు తేలికైంది. రెండు సందేహాలు. మా పీజీ టెర్రస్‌కి పదింటికే తాళం వేస్తారు, కోరిక వస్తే ఎక్కడికి వెళ్లాలి? రూమ్మేట్ క్రైస్తవుడు కాదు, అతనికి ఎంతవరకు చెప్పాలి?

హోసూరు రోడ్డు

మెట్ల మలుపు చాలు బ్రదర్, లేదా కింద నీళ్ల క్యాన్ పెట్టే చోటు. లైటు ఉండాలి, మనుషులు వచ్చిపోతుండాలి, అంతే కావాల్సింది. బాటిల్ పట్టుకుని వెళ్తే ఎవరూ ఎందుకని అడగరు.

రూమ్మేట్‌కి "ఫోన్ మరీ ఎక్కువ చూస్తున్నాను, పదింటి తర్వాత నా చేతిలో కనపడితే తిట్టు" అని చెబితే చాలు. అది అబద్ధం కాదు, అంతకంటే వివరం అతనికి అక్కర్లేదు. పూర్తిగా చెప్పాల్సింది సంఘంలో ఆ ఒక్కడికి.

వైట్‌ఫీల్డ్ అక్క

గడియారం కొనేటప్పుడు టిక్ టిక్ చప్పుడు లేనిది చూసుకో తమ్ముడూ. లేదంటే రెండో రాత్రికే ఆ రూమ్మేట్ బయట పారేస్తాడు, నువ్వు మళ్లీ ఫోన్ అలారానికే వస్తావు.